మా ఊరి దుర్యోధనుడూ, అరుగు మీది పెద్దమనిషీ

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పిల్లలం కొబ్బరి దొడ్డిలో నాటకాలు ఆడేవాళ్ళం. తెర మా అమ్మ పాత చీర. గద కావాలంటే ముదిరిన తాటికాయకు కర్ర గుచ్చితే సరి. ఏ నాటకమైనా తగువు మాత్రం ఒకటే: రావణుడు ఎవరు, దుర్యోధనుడు ఎవరు? రాముడి వేషానికి ఒక్కడూ ముందుకు వచ్చేవాడు కాదు. చివరికి నోట్లో నాలుక లేని పిల్లవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని, చేతికి విల్లిచ్చి నిలబెట్టేవాళ్ళం. రాముడికి పెద్దగా పనేముంది? చిరునవ్వుతో నిలబడి, ఆఖర్లో బాణం వేస్తే చాలు. రావణుడికి అలా కుదరదు. నడక వేరు, నవ్వు వేరు, మీసం దువ్వడం వేరు, నోరు తెరిచే ముందు సభనంతా ఒకసారి కలియజూడటం వేరు.

ఇది పిల్లల దుర్బుద్ధి అనుకోవద్దు. పెద్దవాళ్ళూ అంతే. కోనసీమలో మా ఊరు పంట కాలువ గట్టున ఉంటుంది. ఆ గట్టు మీద పెరిగినవాళ్ళకు మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి సంగతి. ముందు మాట బాగుండాలి. మాట బాగుంటే సగం తప్పు అక్కడికక్కడే మాఫీ. ఈ బలహీనత వల్ల నాటకాల్లో మాకు బోలెడంత సుఖం దక్కింది, ఊళ్ళో కొంత నష్టమూ జరిగింది. రెండూ చెబుతాను.

శ్రీరామనవమికి రామాలయం ముందు తాటాకు పందిరి వేసేవారు. ఒక రాత్రి హరికథ, ఒక రాత్రి బుర్రకథ, చివరి రాత్రి పద్యనాటకం. రాముడి పెళ్ళి పందిట్లో భారతం ఆడటమేమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలంటే మా వైపు సొంత ఆస్తి కింద లెక్క. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారిది కడియం. ఒకరు గోదావరికి ఆ ఒడ్డు, ఒకరు ఈ ఒడ్డు. వాళ్ళ పద్యాలు అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా నోటికి వచ్చేవి. మా పాలేరు దమ్ము చేస్తూ రాయబారం పద్యం ఎత్తుకుంటే, పక్క చేలో ఇంకొకడు రాగం అందుకునేవాడు.

కృష్ణుణ్ణి పట్నం నుంచి పిలిపించేవారు. ఒకణ్ణి కాదు, ఇద్దరిని. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. గంట తేడాలో దేవుడు లావెక్కినా, పొట్టివాడైనా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. దుర్యోధనుడు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్కడే. అదీ మా ఊరివాడే.

పగలు ఆయన దర్జీ. బజారు మొదట్లో చిన్న పాక, అందులో ఒక కుట్టుమిషను. మాటలు బహు తక్కువ. కొలతలు తీసుకునేటప్పుడు కూడా "చేతులెత్తు బాబూ" అన్న ఒక్క మాటతో సరిపెట్టేవాడు. కుట్టుకూలి కూడా గట్టిగా అడిగేవాడు కాదు. మా నాన్న లాంటి వాళ్ళు అది అలుసుగా తీసుకుని పండగ బట్టల డబ్బులు కోతల దాకా లాగేవారు. నాటకాల సామాను అద్దెకిచ్చేవాళ్ళ పెట్టెలు పట్నం నుంచి వచ్చేవి కానీ ఆయన వాటిని ముట్టేవాడు కాదు. ముదురు ఎరుపు మఖమలు తెప్పించి తన కోటు తానే కుట్టుకున్నాడు. ఏడాది పొడుగునా ఆ కోటు మిషను వెనక మేకుకు, పైన తెల్లగుడ్డ కప్పుకుని వేలాడుతూ ఉండేది. నిక్కరు కుట్టించుకోవడానికి వెళ్ళి నేను దాని వంకే చూస్తూ ఉంటే ఒకసారి గుడ్డ తీసి చూపించాడు. రొమ్ము మీద చమ్కీలు ఒక్కొక్కటీ చేత్తో కుట్టినవి. భుజకీర్తులు కట్టే తాడు ఒరుసుకుని భుజాల దగ్గర నూలు పైకి తేలింది. చంకల్లో చెమటకు మఖమలు గట్టిపడి అట్టలా అయింది. లోపలి వైపు తిప్పితే అన్నీ అతుకులే, మా బళ్ళో పిల్లల నిక్కర్లకు కత్తిరించగా మిగిలిన ఖాకీ ముక్కలు. పైకి హస్తినాపురం, లోపల మా ప్రాథమిక పాఠశాల.

నాటకం రాత్రి మొహానికి అర్దళం పూసుకుని, జిగురుతో మీసం అతికించుకుని, కిరీటం పెట్టుకున్నాడంటే ఇక ఆయన మెడ వంగేది కాదు. హార్మోనియం ఆయన శ్రుతి అందుకోవడానికి తడుముకునేది. కూలి డబ్బులు అడగడానికి నోరు రాని మనిషి ఐదూళ్ళు ఇవ్వనని నిండు సభలో దేవుడికి ఎదురు చెబుతుంటే, కాలువ అవతలి గట్టు దాకా వినబడేది. జనం వన్స్ మోర్ అంటే పద్యం మళ్ళీ మొదటి నుంచి పాడేవాడు. అర్జునుడు పాపం విల్లు పట్టుకుని నిలబడి దోమలు కొట్టుకునేవాడు.

పడక సీనులో నాకు ఎప్పుడూ దుర్యోధనుడికి అన్యాయం జరిగిందనే అనిపించేది. ద్వారకకు ముందు వచ్చింది ఆయన. రేవులో పడవకైనా, మిల్లు దగ్గర ధాన్యం బస్తాలకైనా ముందు వచ్చినవాడిదే కదా వంతు. ఈ మాటే మా మామ్మను అడిగాను.

"ముందు దుర్యోధనుడే వచ్చాడు కదా మామ్మా?"

"వచ్చాడు. వచ్చి ఎక్కడ కూర్చున్నాడో చూశావా?"

"కుర్చీలో."

"పిలవని ఇంటికి వెళ్ళి తలాపున కుర్చీ వేసుకు కూర్చున్నవాడికి ఏం దక్కుతుందిరా?" అంది. అని వెంటనే, "అయినా వీడి గొంతు బంగారం. ఆ కృష్ణుడు వీడి ముందు తేలిపోయాడు" అని పక్కావిడతో చెప్పింది. ధర్మం ఒక పక్క, అభిరుచి ఒక పక్క. రెంటికీ మా మామ్మ దగ్గర పేచీ ఉండేది కాదు.

దర్జీకి గురువు ఎస్వీ రంగారావు. ఏకలవ్య శిష్యరికమే. రంగారావు గారు పుట్టింది నూజివీడులో అయినా ఆయన నటనకు కాకినాడ నీళ్ళు పడ్డాయి. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడారు. పెద్దాపురం అమ్మాయి అంజలీదేవి వెండితెరకు వెళ్ళిందీ ఆ కాకినాడ రంగస్థలం మీదుగానే. 1963లో 'లవకుశ' వచ్చింది, అందులో సీత ఆవిడ. అదే ఏడాది 'నర్తనశాల' వచ్చింది, అందులో కీచకుడు ఆయన. ఆడవాళ్ళందరినీ ఏడిపించిన సీతా, ఆడవాళ్ళందరి చేతా తిట్టించుకున్న కీచకుడూ ఒకే ఊరి నుంచి వెళ్ళారన్నమాట. కీచకుడికే జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఈ సంగతి దర్జీ తన తమ్ముడికి వచ్చినంత గర్వంగా చెప్పేవాడు. "ఆయన అరవడు బాబూ. అరవాల్సిన చోట గొంతు తగ్గిస్తాడు. అక్కడ చచ్చిపోతాం మనం" అనేవాడు. నేను ఆయన నోట విన్న అతి పొడుగు మాట అదే. 1974 జులైలో రంగారావు గారు పోయారని రేడియోలో విన్న పూట ఆయన మిషను తొక్కలేదు.

విలన్లంటే మీసాలవాళ్ళే కాదు. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం నుంచి వెళ్ళిన సూర్యకాంతం గారు ఒక్క మీసం కూడా లేకుండా తెలుగు కోడళ్ళందరినీ గడగడలాడించారు. ఆవిడకు ఎడమచేతి వాటం. ఆ ఎడమ చేయి తిప్పుతూ కసిరితే హాలులో ఉన్న అత్తగార్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. షూటింగులకు ఇంటి నుంచి వంటలు చేసి తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళంతా చెప్పుకునేవారు. తెర మీద చేసిన గయ్యాళితనం ముందు ఆ వడ్డన ఎవరికి కావాలి? మా బంధువుల్లో ఒకమ్మాయికి అదే పేరు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు ఆ పేరు చెప్పకుండా 'కాంతం' అని సగమే చెప్పారు. లగ్నపత్రిక రాసేటప్పుడు మిగతా సగం బయటపడింది. పెళ్ళి ఆగలేదు లెండి. మగపెళ్ళివారి తరఫున ముసలాయన ఒకరు మాత్రం, "మా వియ్యపురాలికి సరైన జోడీ" అని నవ్వారట.

ఇక ఊరి విలన్ సంగతి.

నాటకం రాత్రి ముందు వరసలో చేతుల కుర్చీ ఒకటి వేసేవారు. అందులో కూర్చునే పెద్దమనిషిది రామాలయం వీధిలో మేడ. మేడ ముందు నున్నటి అరుగు. ఆయన గొంతు ఎప్పుడూ పైకి లేచేది కాదు. పాలేరును కూడా 'బాబూ' అనే పిలిచేవాడు. పందిరి ఖర్చులో పెద్ద చందా ఆయనదే. ద్రౌపది ఏడిస్తే కండువాతో కళ్ళు ఒత్తుకునేవాడు. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరికి జబ్బు చేసినా, గోదావరికి వరదొచ్చి ఎవరి నారుమడి మునిగినా ఆ అరుగు ఎక్కాల్సిందే. "డబ్బుదేముంది బాబూ, ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. మనుషులు ముఖ్యం" అంటూ మజ్జిగ ఇప్పించి, ప్రోనోటు రాయించుకునేవాడు.

ప్రోనోటుకు ఆయుష్షు మూడేళ్ళు. ఆ గడువు దాటితే కోర్టులో చెల్లదు. అందుకని గడువు దగ్గర పడుతుండగా ఆయన కబురు పెట్టేవాడు. తిట్టడానికి కాదు, నోటు తిరగరాయించడానికి. అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కొత్త నోటులో అసలైపోతుంది. దాని మీద మళ్ళీ వడ్డీ. రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెడుతున్నవాడికి ఆ లెక్క తెలియక కాదు. ఎదురుగా అంత మెత్తగా మాట్లాడే మనిషిని పట్టుకుని లెక్క అడగడానికి మా వైపు మనిషికి మొహమాటం. మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, చెల్లెలి పెళ్ళికని మొదటి నోటు రాశాడు. దాన్ని తిరగరాసి, మళ్ళీ తిరగరాసి, కాలువ కింద ఉన్న పల్లపు చేను ఆయన పేరున రిజిస్టరు చేశాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళిన రోజు బస్సు టికెట్టు, హోటల్లో ఇడ్లీ, కాఫీ అన్నీ పెద్దమనిషి ఖర్చే. "నీ చేను నా దగ్గర ఉంటే నీ దగ్గర ఉన్నట్టే" అన్నాడట. మామయ్య ఆ మాట ఇంటికి వచ్చి మెచ్చుకోలుగా చెబితే, మా అత్తయ్య గిన్నె ఎత్తి గోడకేసి కొట్టింది.

'ముత్యాలముగ్గు' 1975లో విడుదలైంది. మా ఊరి డేరా హాలుకు వచ్చేసరికి ఇంకా చాలా ఆలస్యమైంది. మాది ఒకే ప్రొజెక్టరు ఉన్న హాలు. రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి, సోడాలవాడూ జీళ్ళవాడూ తిరిగేవారు. ఘంటసాల పాడిన వెంకన్న పాట మైకులో వినబడిందంటే టికెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. నేల టికెట్టు వాళ్ళం ఇసుకను గుట్టలుగా పోసుకుని ఆసనాలు వేసుకునేవాళ్ళం.

అప్పటిదాకా మేం చూసిన తెర విలన్లు వికటాట్టహాసాలు చేసేవాళ్ళు. పొడుగు కోటు, చుట్ట, తుపాకీ. వాళ్ళు మా ఊరివాళ్ళు కారని చూడగానే తెలిసేది. ఈ సినిమాలో కాంట్రాక్టరు అలా కాదు. పంచె కట్టుకుని, పొద్దున్నే లేచి, ఎర్రబడుతున్న తూరుపును చూసి మురిసిపోతాడు. కళ గురించి మాట్లాడతాడు. హత్య పురమాయించడం కూడా మావిడికాయలు బేరమాడినంత సుతారంగా చేస్తాడు. ఆ మాటలు రాసిన ముళ్ళపూడి వెంకటరమణ గారిది ధవళేశ్వరం. తీసిన బాపు గారిది నరసాపురం. చెప్పిన రావు గోపాలరావు గారిది కాకినాడ ప్రాంతం. ముగ్గురికీ గోదావరి అరుగులు తెలుసు. ఉత్తర రామాయణాన్ని ఈ కాలానికి తెచ్చి, అందులో చాకలి నిందకు బదులు ఒక కాంట్రాక్టరును పెట్టారు. ఆ సంభాషణలు గ్రామఫోను రికార్డుగా విడిగా అమ్ముడుపోయాయంటే విలన్ మాటకు మా వాళ్ళు ఏ పాటి మర్యాద చేశారో తెలుస్తుంది. కాఫీ హోటళ్ళలో పాటలు ఆపి ఆ రికార్డు పెట్టేవారు.

ఆ రాత్రి హాలులో మొదట నవ్వులు. కాసేపటికి నేల మీద ఉన్నవాళ్ళు కొందరు వెనక్కి తిరిగి కుర్చీల వైపు చూడటం మొదలుపెట్టారు. అక్కడ మా పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. ఇంటర్వెల్లులో మా మామయ్యకు సోడా కూడా ఇప్పించాడు.

ఇప్పటి సినిమాల్లో విలన్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఎక్కడెక్కడి నుంచో రప్పిస్తారు, కండలు చూపిస్తారు, గొంతు మాత్రం ఇంకొకరిది. తెలుగు రాని విలన్ మనల్ని ఎలా మోసం చేస్తాడండీ? కావాలంటే నరుకుతాడు, అంతే. మొగల్తూరు నుంచి వెళ్ళిన ఇద్దరు హీరోలూ విలన్ వేషాలు కట్టినవాళ్ళే. కృష్ణంరాజు గారు 1966లో హీరోగా పరిచయమై కూడా ఆ తర్వాత దుష్టుడి పాత్రలు వేశారు, చిరంజీవి గారు 'ఖైదీ'కి ముందు వేశారు. అదొక రకం అప్రెంటిసు.

కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. అది చూసి వచ్చాక మా బళ్ళో పెద్ద గొడవ జరిగింది. సీతారామరాజు మావాడేనని మాకు గట్టి నమ్మకం. తండ్రిగారి ఊరు మోగల్లు భీమవరం దగ్గరే కదా, నరసాపురంలో చదువుకున్నాడు కదా అని. ఆయన మీదికి సైన్యాన్ని నడిపిన రూథర్‌ఫర్డ్‌ను మేం మనస్ఫూర్తిగా ద్వేషించాలని వెళ్ళాం. తీరా చూస్తే ఆ వేషం జగ్గయ్య గారిది. ఒకప్పుడు రేడియోలో వార్తలు చదివిన కంఠం. ఆ కంఠంతో రూథర్‌ఫర్డ్ మాట్లాడుతుంటే ద్వేషం కుదరలేదు. సగం గౌరవంతో బయటికి వచ్చాం. మళ్ళీ మాటే మా కొంప ముంచింది.

గొడవ ఏమిటంటే, మా పాఠంలో ఇంకొక దొర ఉన్నాడు. ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించినవాడు. 1839 ఉప్పెనతో, అంతకు ముందటి కరువులతో చితికిపోయిన జిల్లా ఆ కాలువలతో తేరుకుంది. మేం తినే అన్నం ఆ నీళ్ళదే. గుర్రమెక్కిన దొర విగ్రహాలు డెల్టా నిండా ఉన్నాయి. నిత్యం గోదావరీ స్నానపుణ్యాన్ని ఇచ్చిన ఆంగ్లదేశపు భగీరథుడని ఆయన్ను తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ఉంది. మరి ఒక దొరకు దండలు వేసి, ఇంకో దొరను తిట్టడం ఎలా?

తెలుగు మాస్టారిని అడిగాం. ఆయన పొడుం పీల్చి, "కాలువ తవ్వించినదీ, మన్యంలో తుపాకులు పేల్చినదీ ఆ దొరతనమేరా. ఇక్కడ నీళ్ళిచ్చి శిస్తు పెంచుకుంది. అక్కడ 1882లో అడవి చట్టం తెచ్చి పోడు కొట్టుకునేవాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కుంది. కాటన్ తన పైవాళ్ళతో డబ్బు కోసం పోట్లాడి మరీ కట్టించాడు, అది ఆయన గొప్పతనం. కొండల్లో రోడ్లేయించి కూలి ఎగ్గొట్టిన బాస్టియన్ అనే తహసీల్దారు ఉన్నాడు, అది వాడి బుద్ధి. మనిషిని మనిషిగా చూడండి, రంగు చూసి కాదు" అన్నాడు. తర్వాత ఎక్కం అప్పజెప్పించాడు.

ఆ మాస్టారే ఇంకో రోజు డొక్కా సీతమ్మ గారి గురించి చెప్పారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటికి వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడా విస్తరి పడేది. 1909లో కాలం చేశారు. ఇప్పుడు బళ్ళలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. విచిత్రమేమిటంటే ఆవిడ అన్నదానం గురించి మా వైపు అందరికీ తెలుసు, ఆవిడ అన్న మాట ఒక్కటైనా ఎవరికీ తెలియదు. కాటన్ విగ్రహమూ మాట్లాడదు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్ళో పెద్దల దృష్టిలో ఆయనే విలన్. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి పెళ్ళివారికి వండిపెట్టారు. ఆయన మాటలు సంపుటాలకు సంపుటాలు ఉన్నాయి. ఆవిడ మోసిన బిందె మాత్రం నాటకంలోకి ఎక్కలేదు. డైలాగులు లేనివాళ్ళను మా పిల్లల నాటకంలో ఎవరూ కోరుకోలేదంటే ఆశ్చర్యమేముంది?

1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. ఎన్టీ రామారావు గారు కృష్ణుడూ, కర్ణుడూ, దుర్యోధనుడూ తానే అయి, దర్శకత్వం కూడా చేశారు. దర్జీ మిషను మూసి పట్నం వెళ్ళి చూసి వచ్చాడు. ఊరంతా చుట్టుముట్టింది, ఎలా ఉందని. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "దుర్యోధనుడికి డ్యూయెట్టు పెట్టారు బాబూ" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఈ రోజు వరకూ నాకు తెలియదు. మర్నాడు మాత్రం కోటు దించి, ఊడిన చమ్కీలు కుట్టడం మొదలుపెట్టాడు.

కొండవీటి వెంకటకవి గారు రాసిన ఆ సంభాషణలు ఏడాది తిరిగేసరికి ప్రతి పెళ్ళి పందిట్లోనూ, ప్రతి తీర్థంలోనూ మైకులో మోగాయి. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి నీ కులమేమిటని నిలదీస్తే దుర్యోధనుడు లేచి, మీ మీ పుట్టుకల సంగతేమిటని ఆ పెద్దల వంశాలన్నీ తిరగేస్తాడు. ఆ ఏడు నవమి పందిట్లో మా దర్జీని కూడా ఆ సీను చెప్పమన్నారు. ఆయన పద్యాలవాడు, వచనం అలవాటు లేదు. అయినా చెప్పాడు.

పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పనక్కర లేకుండానే జరిగిపోయే రోజులవి. ముందు కుర్చీలు, తర్వాత చాపలు, ఆ తర్వాత ఒట్టి నేల. పేట నుంచి వచ్చినవాళ్ళు పందిట్లోకి రాకుండా కాలువ గట్టు మీద, చీకట్లో. నాటకం ఎంత బాగున్నా అటు నుంచి చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి దుర్యోధనుడు కులం మాట ఎత్తి ఒక్కొక్క పెద్దనే అడుగుతూ ఉంటే గట్టు మీద నుంచి మొదట ఈల ఒకటి వచ్చింది. తర్వాత చప్పట్లు. పందిరి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. దర్జీ ఆగాడు. అలవాటు ప్రకారం వన్స్ మోర్ అనాల్సింది ముందు కుర్చీలవాళ్ళు. వాళ్ళు అనలేదు. గట్టు మీద ఎవరో కుర్రవాడు అన్నాడు. దర్జీ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి మొహం గట్టు వైపు తిప్పి.

మర్నాడు ఊళ్ళో గుసగుసలు చాలా నడిచాయి. సినిమావాళ్ళు భారతాన్ని పాడుచేశారని కొందరు అన్నారు. మా తెలుగు మాస్టారు దానికి ఒప్పుకోలేదు. ఆ ఘట్టం రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయ గారు తెనిగించిన ఆదిపర్వంలోదే, సినిమావాళ్ళు పుట్టించింది కాదన్నారు. శూరుల పుట్టుకా నదుల పుట్టుకా అంతుబట్టేవి కావని వ్యాసుడు దుర్యోధనుడి నోటే పలికించాడని చెప్పారు. ధర్మరాజు పక్షాన ఒక్కడికీ తోచని మాట పాపాత్ముడి నోట పెట్టాడు వ్యాసుడు. నాకు భారతం మీద గురి కుదిరింది ఆ రోజే.

తర్వాత నవమి పందిట్లోకి వీడియో వచ్చింది, పద్యనాటకం వెనకబడింది. రెడీమేడు బట్టలు వచ్చాయి. దర్జీ దగ్గర చిరుగులూ హుక్కులే మిగిలాయి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా మీద పడింది. అప్పటికి నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉన్నాను. దారులు తెరుచుకున్నాక వెళితే ఊరు గుర్తుపట్టలేకపోయాను. మొదళ్ళతో సహా లేచిపోయిన కొబ్బరి చెట్లు, నడుముకు విరిగినవి, తలలు లేకుండా నిలబడ్డవి. పల్లపు చేను పోయాక మామయ్యకు మిగిలిన కొబ్బరి దొడ్డిలో నిలువుగా ఉన్నది నూతి గిలక ఒక్కటే.

ఆ రాత్రి పాకలన్నీ ఎగిరిపోతుంటే ఊరంతా వెళ్ళి చేరింది పెద్దమనిషి మేడలోకే. ఆయనే లాంతరు పట్టుకుని వాకిట్లో నిలబడి అందరినీ లోపలికి పిలిచాడట. పేటవాళ్ళనూ పిలిచాడట. పిల్లలు ఏడుస్తుంటే ముసలి దర్జీని పిలిచి, "ఒక పద్యం అందుకో బాబూ" అన్నాడట. "పాడాడా?" అని అడిగాను మామయ్యను. "పాడాడు. గాలి హోరులో ఒక్క ముక్క వినబడలేదు. లాంతరు వెలుగులో నోరు ఆడటం మాత్రం కనబడింది" అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఇంకా ఆ మేడ పెరట్లోనే గాడిపొయ్యి మీద ఊరందరికీ వంట జరుగుతోంది. పెద్దమనిషి అప్పటికి బాగా పెద్దవాడైపోయాడు. కర్ర పట్టుకుని పంక్తుల మధ్య తిరుగుతూ, "మొహమాటపడకండి" అని అదే మెత్తటి గొంతుతో చెబుతున్నాడు. నాకు విస్తరి ముందు కూర్చోవడానికి మనసొప్పలేదు. నిలబడే ఉన్నాను. మామయ్య చేయి పట్టి లాగి కూర్చోబెట్టాడు.

"తినరా. మన చేలో బియ్యమే కదా" అన్నాడు. అని, మారు వడ్డించమని కేక వేశాడు.

సంక్రాంతి నాటికి అరుగు మీద మళ్ళీ ప్రోనోట్లు మొదలయ్యాయి. మామయ్యా ఒకటి రాశాడు. కొబ్బరి మొక్కలు కొని పెట్టాలి కదా, అవి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది.